సంచి మీది నంబరు

"గంజి వంచాల్నా అమ్మా, వంచొద్దా?"

నీలమ్మ ఆ మాట అడిగేసరికి శారదాదేవి పెసరపప్పు పొట్లానికి దారం చుడుతోంది. పొద్దున్నే చేవెళ్ల మార్కెట్లో కూరగాయలు అమ్ముకున్నవాళ్లు తిరుగుదారిలో ఆమె భర్త కాశీనాథ్ కిరాణా దుకాణం దగ్గర ఆగి, ఇంటికి కావలసినవి పట్టుకుపోవడం మామూలే. నీలమ్మ కూడా అలా అలవాటైన మనిషే. చిన్న మంగళారంలో ఎవరిదో ఫాంహౌస్‌కు ఆమె భర్త బిక్షం కాపలా ఉంటాడు. ఆ గోడ వెంబడి దొరికిన కాస్త నేలలో ఆమె క్యారెట్, కొత్తిమీర పండిస్తుంది. ఇవాళ ఆమె నెత్తిన గంప లేదు. కళ్లు లోపలికి పోయి, నిద్ర మొహం చూడని మనిషిలా ఉంది.

"దేనికి వంచుడు?" అంది శారదాదేవి.

"గీ షుగర్ బియ్యానికే. మా అత్త వంచాలంటది. మా ఆడిబిడ్డ వంచొద్దంటది. నాకేం సమజైతలేదు. నా వండుడుల్నే ఏదో తప్పున్నదమ్మా. లేకుంటే ఆయన షుగర్ గంతెందుకు వెరుగుతది?"

బిక్షం మొయినాబాద్‌లో పెద్ద దవాఖానలో ఉన్నాడని అప్పుడు తెలిసింది. తోటలో పనిచేస్తుంటే కాల్లో ముల్లు దిగింది. పీకి పారేసి పని చూసుకున్నాడు. పుండు మానలేదు. బొటనవేలు నల్లబడి వాసన వచ్చాక తీసుకుపోతే, షుగర్ ఎంతుందో చూసిన డాక్టరు నీలమ్మ మీద కేకలేశాడు. ఏం పెడుతున్నావమ్మా ఈయనకు, అని.

"ఏం వెడ్తనమ్మా? మూడు పూటలు గిదే పెట్టిన. జొన్నరొట్టె తినేటోడు, అది గూడ బంద్ వెట్టిచ్చిన. ఇది తింటే పెరగదంటిరి గద. ఇంకింత ఏసుకో, ఇది మంచి బియ్యమే, అని నేనే వడ్డించిన."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తన చేతి వంట గురించే ఆమె బాధంతా. గోడకు వరసగా నిలబెట్టిన పచ్చసంచుల్లో ఒకదాన్ని చూపించింది. "ఒకటియ్యుండ్రి. దవాఖాన బువ్వ ఆయనకు పోతలేదు. వండుకొని తీస్కపోత."

సంచి మీద 'మధుశాంతి' అని పెద్ద అక్షరాలున్నాయి. నాజూకుగా ఉన్న ఒక జంట పరుగెత్తుతున్న బొమ్మ. పక్కన పసుపు గుండ్రంలో 'జీఐ 50 లోపే', తిన్న తిండి రక్తంలో షుగర్‌ను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె. కింద, 'షుగర్ ఉన్నవారు నిశ్చింతగా తినవచ్చు'.

కాశీనాథ్ సంచిని లేపి గడప మీద పెట్టాడు. "గంజి వంచకు నీలమ్మా, బలమంత పోతది," అన్నాడు, ఎప్పటినుంచో తెలిసిన సంగతిలాగా.

శారదాదేవి చేతిలో దారం తెగింది. నీలమ్మకు ఈ బియ్యం అంటగట్టింది ఆయన కాదు. తనే. కొనడానికి ఎవరైనా సందేహిస్తే కాశీనాథ్ ఆమె వైపు తిరిగి, "శారదా, నీ షుగర్ ఎంతుండె, ఎంతకు దిగింది?" అని అడిగేవాడు. ఆమె గల్లాపెట్టె దగ్గర కుర్చీలోంచి అందరికీ వినబడేట్టు చెప్పేది. "సగానికి దిగింది. నేను గిదే తింటున్న." అబద్ధమేం కాదు. నీలమ్మ వచ్చిన రోజు కూడా అట్లాగే చెప్పింది. ఆ మాటకు నీలమ్మ ముఖం విప్పారడం ఆమెకు ఇంకా గుర్తుంది.

"ఎంత తింటడు బిక్షం?" అని అడిగింది.

"పనిజేసే మనిషి గదమ్మా," అని నీలమ్మ రెండు చేతులూ దోసిలిగా పట్టి, ఆపైన గోపురంలా గాలిలో చూపించింది.

*

ఆ మధ్యాహ్నం శారదాదేవి తన పళ్లెం ముందు కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. సొరకాయ కూర సగం పళ్లెం. పప్పు. ఒక మూల పిడికెడు అన్నం. ఏడాదిగా ఇదే కొలత. ఈ బియ్యం మొదలుపెట్టిన నెలలోనే డాక్టరు ఆమెకు గోలీలు మార్చాడు. పొద్దున నడక కూడా అప్పుడే మొదలైంది. షుగర్ దిగింది. దిగినందుకు పేరు మాత్రం బియ్యానికి పోయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చెప్పినప్పుడు గోలీల మాట గాని పిడికెడు మాట గాని ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఎవరూ అడగలేదు. ఆమెకూ తట్టలేదు.

లేచి వంటింట్లోకి పోయి, గిన్నెలో ఉన్న అన్నమంతా పళ్లెంలోకి తిరగేసుకుంది. నీలమ్మ చూపించిన గోపురం అంత. మామిడికాయ తొక్కు వేసుకుని కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలియకుండానే కళ్లు మూసుకుంది. కడుపునిండా అన్నం తిని ఎన్నాళ్లయిందో. మెతుకు మెతుకూ తియ్యగా తగిలింది. తింటున్నది పరీక్ష కోసమని మర్చిపోయేంత ఇష్టంగా తింది. చివర మజ్జిగ పోసుకుంటుంటే సిగ్గనిపించింది.

రెండు గంటలు ఆగి వేలు పొడిచి షుగర్ చూసుకుంది. రెండు వందల యాభై దాటింది.

మర్నాడు మామూలు సన్నబియ్యం వండి, అదే పళ్లెంలో అంతే పెట్టుకుని తింది. మళ్లీ పొడిచి చూసుకుంది. దరిదాపు అదే అంకె. రెండు మూడు తేడా ఉంటే అది సన్నబియ్యం వైపే మెరుగు.

కూతురు అక్షిత ఆ రోజు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటోంది. తల్లి అడిగితే ఫోన్ తీసి వెతికింది.

"ఒకదాంట్ల సన్నబియ్యం జీఐ యాభై ఒకటి అంటున్నరు. ఇంకోదాంట్ల డెబ్బై రెండు. ఇదేమో ఎనభైకి మీద అంటున్నది. ఎవరి మాట వాళ్లదే మమ్మీ."

"ఏది నిజం?"

"ఏమో. ఇగో, ఈయన వీడియోల అసలు అన్నమే విషం అంటున్నడు." చూస్తూ చూస్తూ నవ్వింది. "చివర్ల కొర్రలు అమ్ముతున్నడు. కింద ఫోన్ నంబర్ గూడ ఇచ్చిండు."

"మన సంచి గురించి ఏమన్న ఉన్నదా?"

అక్షిత వెతికింది. 'మధుశాంతి' పేరు మీద పరుగెత్తే జంట బొమ్మ తప్ప ఏమీ దొరకలేదు. సంచి వెనక ఉన్న నంబరుకు చేస్తే, మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది.

*

మొయినాబాద్ ఆస్పత్రిలో డైటీషియన్ గది ముందు బెంచీ నిండా జనం. లోపల ఝాన్సీ అనే ఆమె, ముప్పై ఏళ్లుంటాయేమో, పొద్దుటి నుంచి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయి ఉంది. శారదాదేవి సంచి మీది పసుపు గుండ్రాన్ని కత్తిరించి తెచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టింది.

ఝాన్సీ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరు టెస్ట్ చేసిన్రమ్మా? ల్యాబ్ పేరు ఉన్నదా?"

"లేదు."

"ఏ రకం వడ్లు? ఎంత పాలిష్ వట్టిన్రు?"

"తెల్వది."

"మరి ఈ నంబర్‌తోని నేనేం చెప్పాలె? కొన్ని రకాల బియ్యానికి నిజంగనే తక్కువుంటది. మనుషులకు తినిపించి, రక్తం తీసి, పద్ధతిగ కొలిచి చెప్తరు. అది గూడ కొలిచి పెట్టిన పరిమాణానికే. తక్కువున్నది గదా అని గుట్టలెక్క తింటే ఏ బియ్యమైనా ఒక్కటే. కూర ఎక్కువ, బువ్వ తక్కువ. గోలీలు బంద్ చెయ్యొద్దు. నాకు తెలిసిన నిజం గింతే."

"ఈ మాట అందరికి చెప్పొచ్చు గదమ్మా."

ఝాన్సీ ఆమె వైపు చూసి, తలుపు అవతల బెంచీ వైపు చూసింది. "ఒక్కో మనిషికి నాకు దొరికేది ఐదు నిమిషాలు. సంచైతే ఆళ్ల ఇంట్లనే ఉంటది, రోజూ కనవడ్తది. ఆళ్లు ఎవరి మాట వింటరు చెప్పుండ్రి?"

అక్కడి నుంచి శారదాదేవి మగవాళ్ల వార్డుకు పోయింది. బిక్షం మంచం కిటికీ పక్కన. కాలికి మోకాలి దాకా కట్టు. తల దగ్గర స్టూలు మీద అతని తల్లి రామమ్మ. నీలమ్మ నేల మీద కూర్చుని టిఫిన్ గిన్నెలు కడిగి తుడుస్తోంది.

శారదాదేవిని చూడగానే బిక్షం లేవబోయాడు. "అమ్మా, మీరొచ్చిన్రా! ఇంత దూరం!" మొహం వెలిగిపోయింది. తల్లి వైపు తిరిగి, "సేటు భార్య అవ్వా. మంచి బియ్యం మనకు జెప్పింది ఈమెనే," అన్నాడు.

రామమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "మీ పుణ్యమమ్మా. మీరు మంచిదే చెప్పిన్రు. ఇంటికొచ్చినామెకు వండుడు రావాలె గద."

నీలమ్మ తలెత్తలేదు. గిన్నె అడుగును ఇంకా గట్టిగా తుడిచింది.

"మీరు జెప్పినంక ఫికర్ లేకుంట తిన్న అమ్మా," అన్నాడు బిక్షం. "గోలీలు గూడ సగం చేసిన. అంత మంచి బియ్యం తినుకుంట గోలీలెందుకని. పెద్దోళ్లు తినేది మేం గూడ తింటున్నమంటే ఎంత ధైర్యముండె! ఇంట్ల వండకంల ఏడనో తేడా కొట్టింది. ఎల్లుండి పాదం ముంగటి భాగం తీసేస్తమంటున్నరు. తియ్యనీ. మీరు రావుడే సంతోషం."

శారదాదేవి తెచ్చిన బత్తాయిల సంచి మంచం మీద పెట్టింది. చెప్పాలని వచ్చింది. కానీ అతని కళ్లలో ఉన్న ఆ కృతజ్ఞతను చూసి, "మంచిగైతది," అని మాత్రం అంది. ఎవరో తరుముతున్నట్టు మెట్లు దిగి వచ్చేసింది.

*

మర్నాడు షాబాద్ నుంచి పచ్చసంచుల బియ్యం లోడు వచ్చింది. మిల్లు ధనరాజ్‌ది. అతను ట్రాలీ వెనక బైకు మీద వచ్చి, దుకాణంలో స్టూలు లాక్కుని కూర్చుని, "వదినా, జర చాయ్," అన్నాడు నవ్వుతూ.

శారదాదేవి చాయ్ ఇచ్చి, అక్కడే నిలబడింది. "ధనరాజ్, ఈ బియ్యానికి జీఐ యాభై లోపని ఎవరు తీసిన్రు?"

"ఏంది వదినా?"

"ఈ నంబర్. ఎక్కడ కొలిపిచ్చిన్రు?"

ధనరాజ్ సాసర్లోకి చాయ్ ఒంపుకుంటూ కాశీనాథ్ వైపు చూశాడు. కాశీనాథ్ తక్కెడ పళ్లెం తుడుస్తున్నాడు. తూకంలో గింజ తేడా రానివ్వని మనిషి ఆయన. పప్పులో రాయి కనబడితే కొన్నవాడిని పిలిచి మరీ మార్చి ఇస్తాడు.

"నంబర్ సంచితోనే వచ్చింది వదినా," అన్నాడు ధనరాజ్. "సంచులు ప్రింట్ కొట్టేటాయనకు షుగర్ బియ్యానికని చెప్పిన. ఆయన తాన ఇంకెవరిదో డిజైన్ ఉండె. పేరు మార్చి కొట్టిండు. బొమ్మ గూడ ఆయనదే." సాసరు జుర్రుకున్నాడు. "బియ్యం మాత్రం ఫస్ట్ క్లాస్. మన సన్నబియ్యమే. పాలిష్ జర తక్కువ వడ్తం, రంగుకు."

"మనిషి కాలు తీసేస్తున్నరు," అంది శారదాదేవి.

"అయ్యో. ఎవరిది?" అన్నాడు ధనరాజ్. నిజంగానే బాధపడ్డాడు. కాసేపు తల ఊపుతూ కూర్చుని, గ్లాసు కడిగి పెట్టి, లోడు దింపించుకుని వెళ్లిపోయాడు.

ట్రాలీ మలుపు తిరిగాక ఆమె భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"సంచి మీద ఏమున్నదో అదే చెప్పిన," అన్నాడు కాశీనాథ్. "నేను రాసిన్నా? చదువుకున్నోళ్లు గూడ అదే చూసి కొంటున్నరు. నేను బంద్ వెడితే ముంగటి దుకాణపోడు అమ్ముతడు. వాని తాన గూడ గవే సంచులు."

"నన్ను చూపిచ్చి అమ్మిన్రు గద."

"నీకు తగ్గింది నిజమే గద శారదా!"

అన్నిటికంటే ఆమెను ఎక్కువగా కోసింది అదే. ఆ దుకాణంలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు.

*

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ మొయినాబాద్ ఆటో ఎక్కింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉంది.

బిక్షం మగతగా ఉన్నాడు గాని మెలకువగానే ఉన్నాడు. కట్టు ఈసారి పొట్టిగా, గుండ్రంగా, పాదం సగంలోనే ఆగిపోయి ఉంది. రామమ్మ అక్కడే ఉంది. నీలమ్మ గోడకు ఒరిగి నిలబడింది.

శారదాదేవి కూర్చోలేదు. "బిక్షం, నేనొక మాట చెప్పాలె. ఆ బియ్యం షుగర్ బియ్యం కాదు. మామూలు బియ్యమే. సంచి మీద నంబర్ ఉత్తదే, ఎవ్వరు కొలవలే. నేను గూడ తెల్వక చెప్పిన. నాకు తగ్గింది గోలీలతోని, జరంత తినుడుతోని. నీలమ్మ వండుడుల తప్పేం లేదు." చివరికొచ్చేసరికి గొంతు బాగా సన్నబడింది.

బిక్షం మెల్లగా నవ్వాడు. పెద్దమనిషి గొప్పతనానికి మురిసిపోయే నవ్వు.

"చూసినవా అవ్వా," అన్నాడు తల్లితో. "ఎంత మంచిగుణమో. నీలమ్మను నువ్వు తిడ్తున్నవని ఆ తప్పు తన మీదేసుకుంటున్నది."

"కాదు బిక్షం, నిజంగనే..."

"మీరు తినేదే గదమ్మా మాకిచ్చిన్రు. మీకు తగ్గింది. మాకు తగ్గలే. మీదెట్ల తప్పైతది?"

రామమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "మా ఇంటి పరువు దాస్తున్నది, తల్లి. నీ కడుపు సల్లగుండ." ఆమె కోడలి వైపు తిరిగి, "విన్నవా? పరాయామె నీ కోసం గింత మాట వడ్తున్నది. నీకన్న సిగ్గుండాలె," అంది.

శారదాదేవి ఇంకా ఏదో చెప్పబోయింది. నర్సు వచ్చి అందరినీ బయటికి పొమ్మంది.

గేటు దాకా నీలమ్మ తోడు వచ్చింది. ఆటోల దగ్గర ఆగాక శారదాదేవి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. నీలమ్మ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వన్న నమ్మినవా నీలమ్మా?"

"నమ్మిన," అంది నీలమ్మ. రోడ్డు వైపు చూస్తోంది. "తెల్వకుంట చెప్పినప్పుడు గట్టిగ చెప్పిన్రమ్మా. బజారంత ఇన్నది. తెలిసినంక గింత మెల్లగ చెప్తున్నరు." ఒక్క క్షణం ఆగింది. "ఇంక మీరు రాకుండ్రి. మీరొచ్చి పోయినప్పుడల్ల మా అత్త నన్ను ఇంకింత అంటది."

వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

*

శారదాదేవి ఆటో దిగేసరికి దుకాణం ముందు వెంకటయ్య నిలబడి ఉన్నాడు. మోకిల వైపు కొత్త ఇళ్ల దగ్గర మేస్త్రీ పని చేస్తాడు. తనకు షుగర్ ఉందని ఈమధ్యే తేలిందట. పచ్చసంచి మీద చెయ్యి వేసి, చదువు రాని కళ్లతో ఆ పరుగెత్తే జంటనే చూస్తున్నాడు.

"ఇది పనిజేస్తదా సేటు?"

"నన్నెందుకడుగుతవ్?" అన్నాడు కాశీనాథ్, గుమ్మంలో భార్య నీడ పడగానే, అలవాటుగా. "గా వచ్చింది చూడు. మా ఇంట్లామెనే అడుగు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమె మొహం చూశాడు.

"పనిచెయ్యది," అంది శారదాదేవి. పక్కనున్న చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. ఆమె ఇంకా గొంతు పెంచింది. "ఉత్త మామూలు బియ్యం. కడుపునిండ తింటే షుగర్ పెరుగుతది. మా మాట నమ్మి తిన్న మనిషి పాదం తీసేసిన్రు. గోలీలు ఆపకు వెంకటయ్యా. బువ్వ తగ్గించు."

వెంకటయ్య నివ్వెరపోయి కాశీనాథ్ వైపు చూశాడు. "నిజమా సేటు?"

కాశీనాథ్ తక్కెడ ముల్లును చూస్తూ ఉన్నాడు. ఒక్క మాట చాలు. ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందేమోనని శారదాదేవి కూడా ఎదురుచూసింది.

"ఆమెకు జర మనసు మంచిగలేదు," అన్నాడు చివరికి. "దవాఖాన నుంచి వచ్చింది."

"అట్లనా," అన్నాడు వెంకటయ్య. మొగుడూ పెళ్లాల గొడవలో ఇరుక్కున్న మనిషిలా ఇబ్బందిగా నవ్వాడు. "మంచిది సేటు, మల్ల వస్త." సంచి మీది చెయ్యి తీసి, రోడ్డు దాటి, ఎదుటి దుకాణంలోకి పోయాడు. అక్కడ అరుగు మీద అవే పచ్చసంచులు. ఆ దుకాణాయన లేచి వచ్చి, వాటిలో ఒకదాన్ని గుర్రాన్ని తట్టినట్టు తడుతూ ఏదో చెబుతున్నాడు. వెంకటయ్య తల ఊపుతున్నాడు.

శారదాదేవి మెట్టు దిగింది.

"శారదా, ఎటు?" అన్నాడు కాశీనాథ్.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఎదుటి దుకాణం గడప ఆమె తొక్కి ఎరగదు. వికారాబాద్ బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తోంది. అది పోయేదాకా ఆగింది. అవతల వెంకటయ్య సంచిని భుజానికి ఎత్తుకోవడానికి వంగాడు.

"వెంకటయ్యా!" అని ఆమె రోడ్డు మధ్యలోంచే అరిచింది. "అది కింద వెట్టు!"